నాలుక కింద కత్తెర

పురుళ్ళు పోసే నర్సుగా ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. ఎప్పుడు ఏ ఊరికి బదిలీ అయిందో, ఏ మెట్టు ఎప్పుడు ఎక్కానో రాస్తే మా ఇంట్లోవాళ్ళే చదవరు. అవన్నీ వదిలేస్తున్నాను.

మా చెల్లెలి మనవరాలు ఈమధ్య నర్సింగు చదువు ముగించి ఉద్యోగంలో చేరింది. మొన్న ఇంటికి వచ్చి, "అమ్మమ్మా, పాలు పట్టని బిడ్డకి నాలుక కింద పొర కనిపిస్తే కత్తిరించాలా, వదిలెయ్యాలా? పుస్తకంలో ఒకటుంది, మా మేడం ఇంకొకటి చెబుతుంది" అని అడిగింది. జవాబు చెప్పబోయి ఆగిపోయాను.  ఉద్యోగం వదిలి ఇన్నేళ్ళయినా ఆ ప్రశ్న వింటే నాకు ఇంకా భయమే. ఆ భయం ఎక్కడ పుట్టిందో ఈ మనవరాలి కోసం రాస్తున్నాను. దానితోపాటు ఈ పనిలోకి వచ్చే మిగతా పిల్లలు చదివినా మంచిదే.

అసలు పని ఇది

పంతొమ్మిది వందల యాభైల నడుమ సంగతి. మాచర్ల రైలు లైనులో ఒక ఊళ్ళో ప్రసూతి కేంద్రం పెట్టి నన్ను వేశారు. ఊరి పేరు చెప్పను. నేను రాయబోయే వాళ్ళ మనవలు అక్కడ ఇంకా ఉన్నారు. రెండు గదులు, నాపరాళ్ళ కప్పు. ఎండాకాలం మధ్యాహ్నం ట్రేలో కత్తెర ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. మా నాన్న మిషన్ బడిలో పంతులు. గుంటూరులో శిక్షణ పొంది, తెల్ల చీర కట్టి, ఊరిని బాగుచేసి పారేద్దామని వచ్చాను.

ఊళ్ళో కాన్పులు కోటమ్మ చేసేది. కోటమ్మ అంటే మంత్రసాని. ఆవిడ ఎడమచేతి చిటికెన వేలికి గోరు పెంచి, నాపరాయి మీద రుద్ది పదును పెట్టుకునేది. బిడ్డ పాలు తాగడం లేదంటే నాలుక ఎత్తి, కింద ఉన్న పొరను ఆ గోటితో చటుక్కున తెంపి, పసుపు అద్దేది. నేను ఆ గోటిని చూసినప్పుడల్లా మురికి గురించి ఉపన్యాసం ఇచ్చేదాన్ని. "నీ కత్తెర నీది, నా గోరు నాది నర్సమ్మా" అని నవ్వి పోయేది.

నిజం చెప్పాలంటే చాలామంది బిడ్డలకి గోరూ అక్కర్లేదు, కత్తెరా అక్కర్లేదు. కాన్పయిన మొదటి మూడు రోజుల పాలు చెడ్డవని నేలపాలు చేసేవాళ్ళు. చక్కెర నీళ్ళలో బట్ట వత్తి ముంచి బిడ్డ నోట్లో పెట్టేవాళ్ళు. నాలుగో రోజుకి బిడ్డ వత్తికి అలవాటుపడేది, తల్లి రొమ్ము రాయిలా గట్టిపడేది. బిడ్డ నోరు పట్టక ఏడిస్తే, "నాలిక అంటుకుంది" అని తీర్పు. నేను కాస్త పాలు చేత్తో పిండి రొమ్ము మెత్తబరిచి, బిడ్డను సరిగ్గా పట్టుకోవడం నేర్పితే సగం రోగాలు అక్కడే పోయేవి.

నిజంగా అంటుకున్న నాలుక అరుదు. ఏడ్చినప్పుడు కొస మధ్యలో నొక్కుకుపోయి రెండుగా కనిపిస్తుంది. కింది చిగురు దాటి బయటికి రాదు. మన వేలు పెడితే బిడ్డ పట్టి చప్పరించలేదు. తల్లి రొమ్ము చిట్లి నెత్తురొస్తుంది, బిడ్డ బరువు దిగుతుంది. అలాంటప్పుడు నీళ్ళలో మరిగించిన, కొసలు గుండ్రటి కత్తెరతో ఒక చిన్న కత్తిరింపు, ఒక చుక్క నెత్తురు, వెంటనే తల్లి పాలకు వెయ్యడం. అంతే. మా పాఠ్యపుస్తకంలో అది అరపేజీ.

మొదటి బిడ్డ

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, పక్క ఊరి నుంచి బండి కట్టుకుని అత్తాకోడళ్ళిద్దరు వచ్చారు. కోడలి ఒళ్ళో ఎనిమిది రోజుల మగబిడ్డ. నోరు తెరిచి చూస్తే పుస్తకంలో బొమ్మే. నాకు సంతోషమేసింది. ఇది దాచుకోవలసిన మాట, అయినా చెబుతున్నాను. నిజమైన కేసు దొరికిందని సంతోషించాను.

అడగవలసినవన్నీ అత్తగారిని అడిగాను. బొడ్డు ఎప్పుడు ఊడింది, ఒంటికీ రెంటికీ సరిగ్గా పోతున్నాడా, జ్వరముందా. ఆవిడ చెప్పింది, నేను రిజిస్టరులో గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాను. కోడలు గోడకు ఆనుకుని కూర్చుంది. కత్తిరించాను. చుక్క నెత్తురు వచ్చింది, బిడ్డ పాలు పట్టాడు, అత్తగారు నాకు దణ్ణం పెట్టింది.

గంట తర్వాత బండి ఎక్కబోతూ కోడలు నన్ను పిలిచింది. రవిక మీద ఎర్రటి మరక. బిడ్డ నాలుక ఎత్తి చూస్తే ఇసుకలో చెలమ ఊరినట్టు నెత్తురు ఊరుతోంది. గుడ్డ పెట్టి నొక్కాను. నొక్కితే బిడ్డకి ఊపిరాడదు, వదిలితే నెత్తురు. ఎంత పోతోందో తెలియదు, బిడ్డ మింగేస్తున్నాడు.

మధ్యాహ్నం బస్సుకి నరసరావుపేట బయలుదేరాం. దారి పొడుగునా నా వేలు ఆ పిల్లవాడి నోట్లోనే ఉంది. పిడుగురాళ్ళ దాటేసరికి వాడి పెదవులు తెల్లబడ్డాయి. తల్లి నా మొహం చూడలేదు, నా వేలినే చూస్తూ కూర్చుంది. ఆస్పత్రిలో డాక్టర్లు చేయగలిగింది చేశారు. మర్నాడు పొద్దున బిడ్డ పోయాడు.

 అత్తగారు అంది: "కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందంటే ఇదే గదమ్మా." ఆవిడ కాళ్ళ మీద పడవలసింది. పడలేదు. నా బట్టల సంచి పట్టుకుని బస్టాండుకి నడిచాను.

తనిఖీకి నెలకోసారి ఒక డాక్టరమ్మ వచ్చేది. కోపిష్ఠి మనిషి, సూది ఉడకబెట్టడం మరిచిపోతే ట్రే విసిరికొట్టేది. ఆ బిడ్డ సంగతి విన్న రోజు మాత్రం నెమ్మదిగా చెప్పింది. "కొన్ని కుటుంబాల్లో నెత్తురు గడ్డకట్టని జబ్బు ఉంటుంది. తల్లి వైపు నుంచి వస్తుంది, మగపిల్లల్లో బయటపడుతుంది. అడిగావా?"

"లేదండీ."

"ఇకనుంచి అడుగు."

తిట్టి ఉంటే బాగుండేది.

భయం చేసిన తప్పు

ఆ తర్వాత రెండేళ్ళు నేను ఆ కత్తెర ముట్టుకోలేదు. నాలుక నిజంగా అంటుకున్న ఒక ఆడపిల్లను తెచ్చారు. "వారం చూద్దాం" అన్నాను. మళ్ళీ వారం చూద్దాం అన్నాను. మూడో వారం డాక్టరమ్మ వచ్చి, ముడతలు పడిన ఆ పిల్ల తొడలు చూసి, నా వైపు చూసి, తనే కత్తెర తీసుకుని కత్తిరించింది. పిల్ల గుటకలు వేస్తూ తాగింది. "నీ భయానికి ఈ పిల్లని పస్తు పెట్టావు" అంది డాక్టరమ్మ. 

మళ్ళీ కత్తెర పట్టాను. పట్టేముందు ప్రతి ఇంటి పెద్దనూ అడిగేదాన్ని, మీ రెండు వైపులా నెత్తురు ఆగని జబ్బుతో ఎవరైనా పోయారా అని. ప్రతి ఒక్కరూ చెప్పిన జవాబు ఒకటే: "మా ఇంటా వంటా లేదమ్మా." నేను నమ్మేదాన్ని. నమ్మి ఉండకూడదు. నేనూ ఆ గడ్డ మీద పుట్టినదాన్నే. పోయిన బిడ్డల మాట పురిటింట్లో ఎత్తకూడదని, ఎత్తితే పుట్టిన బిడ్డకి కీడని మా అమ్మ కూడా నమ్మేది, రోజూ బైబిలు చదువుతూనే. అలాంటి గదిలో నిలబడి చావుల గురించి అడిగితే ఎవరు చెబుతారు? అడిగానన్న తృప్తి నాకు, తప్పించుకున్నామన్న తృప్తి వాళ్ళకి.

కోటమ్మ పంపిన బిడ్డ

ఇంకో రెండేళ్ళు గడిచాక ఒక పొద్దున ముగ్గురు ఆడవాళ్ళు పన్నెండు రోజుల మగబిడ్డతో కేంద్రానికి వచ్చారు. బిడ్డ తల్లి పెంటమ్మ, పుట్టింట్లో పురుడు పోసుకున్న పిల్ల. ఆమె తల్లి రత్తమ్మ మా ఊరావిడే. మూడో ఆవిడ అత్తగారు ఆదెమ్మ, బిడ్డను చూడ్డానికి వచ్చి ఉంది.

"కోటమ్మ పంపింది. ఇది నా వల్ల గాదు, నర్సమ్మ కాడికి పొండి అన్నది" అని చెప్పింది ఆదెమ్మ.

నా గుండె పొంగింది. ఇన్నేళ్ళకి కోటమ్మ గోరు ఓడిపోయి నా కత్తెర గెలిచిందనుకున్నాను. నీళ్ళు పొయ్యి మీద పెట్టాను.

బిడ్డ నాలుక నిజంగానే అంటుకుంది. పుట్టినప్పటికంటే బరువు తగ్గాడు, ఏడుపులో బలం లేదు. పెంటమ్మ రొమ్ములు చిట్లి చీము పట్టబోతున్నాయి. రత్తమ్మను నా మామూలు ప్రశ్న అడిగాను.

"మా ఇంటా వంటా లేదమ్మా" అంది రత్తమ్మ, నేల చూస్తూ.

"ఏందమ్మా ఈ అడగటాలు? తొందరగా కొయ్యి. మాటలు రాక మూగోడైతే మా వోళ్ళు ఊరుకుంటారా?" అంది ఆదెమ్మ.

బిడ్డను గుడ్డలో చుట్టి తల్లి ఒళ్ళో పడుకోబెట్టాను. ఎడమచేతి వేళ్ళతో నాలుక ఎత్తాను. కుడిచేతిలో కత్తెర ఉంది. "కళ్ళు మూసుకో పెంటమ్మా" అన్నాను.

ఆ పేరు నా నోట్లోంచి వచ్చి నా చెవిన పడింది. మా వైపు ఆ పేరు కొత్త కాదు, వీధిలో నిలబడి కేకేస్తే నలుగురు పలుకుతారు. బిడ్డలు పుట్టి పోతూ ఉంటే, తర్వాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద ఒకసారి దొర్లించి, చాటలో తెచ్చుకుని, ముక్కు కుట్టించి, పెంటయ్య అనో, పారేసే ఎంగిలి పుల్లాకు పేరుతో పుల్లమ్మ అనో పేరు పెడతారు. చావుకి కూడా రోతపుట్టి వదిలేస్తుందని. నాకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన సంగతి. అయినా అప్పటిదాకా ఆ పేర్లు రిజిస్టరులో రాసుకోవడమే తప్ప ఆగి ఆలోచించింది లేదు.

కత్తెర ట్రేలో పెట్టాను.  పొయ్యి మీది నీళ్ళు చూసి రమ్మని ఆదెమ్మను పెరట్లోకి పంపాను.

"రత్తమ్మ అక్కా, నీ కూతురికి ఆ పేరెందుకు పెట్టావు?"

 రత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"దీనికి ముందు ఎంతమంది పోయారు? ఎట్లా పోయారు?"

"ఇద్దరమ్మా. ఇద్దరూ మగపిల్లలే. పెద్దోడు పన్ను ఊడి నాలుగు దినాలు కారి కారి పొయ్యాడు. చిన్నోడికి గడప తగిలి పెదివి చిట్లింది, అంతే. ఆదెమ్మకి చెప్పబాక తల్లీ. సంతానం నిలవని కొంప అని నా బిడ్డను వొదిలేస్తారు."

"నన్ను కొయ్యనిచ్చేదానివా మరి?"

"నీ దగ్గర మందులు ఉంటయ్యి గదా అనుకున్నా. దేవుడి మీద బారం వేశా." ఆవిడ నా కత్తెర చూస్తూ ఏడ్చింది. పెంటమ్మ బిడ్డను రొమ్ముకు అదుముకుని ఒక మూలకి జరిగింది.

ఇప్పుడు ఏం చేయాలి? కోస్తే నెత్తురు ఆగకపోవచ్చు. కోయకపోతే ఆకలికి పోవచ్చు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ జబ్బు ఈ బిడ్డకి ఉందో లేదో చెప్పే పరీక్ష మా జిల్లాలో ఎవరూ చేయరు. ఆదెమ్మ లోపలికి రాగానే ఒక అబద్ధం చెప్పాను. "బిడ్డ బరువు చాలదు. ఇంకా పెరిగితేగాని కత్తెర వెయ్యకూడదు." నా ఉద్యోగంలో నేను చెప్పిన అబద్ధాల్లో దానికి మాత్రం పశ్చాత్తాపపడలేదు.

కోటమ్మ మాట

అటునుంచి అటే కోటమ్మ ఇంటికి వెళ్ళాను. జొన్నలు చెరుగుతోంది.

"రత్తమ్మ కాన్పులన్నీ నీ చేతుల మీదే గదా?"

"అవును. ఇద్దరు మగపిల్లల్నీ నేనే తీశా. ఎట్టా పొయ్యారో కూడా చూశా."

"తెలిసీ నా దగ్గరికి పంపావా? ఒక్క మాట చెప్పొద్దా?"

చాట కింద పెట్టింది. "పురుడు కడిగి మైల తియ్యని ఇంట్లో పోయినోళ్ళ మాట నేనెట్టా ఎత్తేది? నువ్వు చదువుకున్నదానివి, నీకు తెలుస్తదనుకున్నా. నాకు మాత్రం ఆ నోట్లో గోరు పెట్టాలంటే చానా బయమేసింది నర్సమ్మా."

తన భయాన్ని నా చేతికి అప్పగించి పంపింది. నేను దాన్ని నాకు దక్కిన గౌరవం అనుకున్నాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలకి గట్టిగా చెబుతున్నాను: రోజూ మీతో పోటీపడేవాళ్ళు ఒక కేసు మీకు వదిలేశారంటే మురిసిపోకండి. ఎందుకు వదిలేశారో వెళ్ళి కనుక్కోండి.

బిడ్డను బతికించింది కూడా కోటమ్మే, సగం. ఆ రోజు నుంచి తనే పెంటమ్మ పాలు చేత్తో పిండి, రెండు గంటలకోసారి ఉగ్గుగిన్నె కొమ్ముతో చుక్క చుక్క పోసేది. మధ్యలో నేను బిడ్డను తల్లి పొట్ట మీద బోర్లా పడుకోబెట్టి, నాలుక ముందుకి జారేలా పాలకి వేసేదాన్ని. మొదటి వారం తూకంలో ముల్లు కదల్లేదు. రోజూ పొద్దున ఆ వీధి మొదట్లో ఆగి చెవి ఒగ్గేదాన్ని. ఏడుపు వినిపిస్తేనే కాళ్ళు కదిలేవి. వినిపించని రోజున, ప్రభువా, ఈ ఒక్కసారికి, అని అక్కడే నిలబడి ప్రార్థించేదాన్ని. ఆదెమ్మ, "ఇంకెప్పుడు కోత్తావు?" అని రోజూ అడిగేది. మూడో వారంలో ముల్లు కదిలింది. రెండో నెలకి బిడ్డ తనంతట తాను పాలు లాగాడు. నాలుక అలాగే ఉంది. మాటలు వచ్చాక రైలును లైలు అనేవాడు, అంతే.

పదో నెలలో పాకడం మొదలుపెట్టగానే వాడి మోకాళ్ళు కమిలి నల్లగా ఉబ్బాయి. ఇక దాచడానికి లేకపోయింది. నిజం తెలిసి ఆదెమ్మ రత్తమ్మను నానా మాటలూ అంది. అని, బిడ్డను చంకనేసుకుంది. నాలుగేళ్ళ దాకా వాణ్ణి నేల మీద పరిగెత్తనివ్వలేదని పెంటమ్మ తర్వాత చెప్పింది.

పాత రిజిస్టరు

రత్తమ్మ నోరు విప్పిన రోజు సాయంత్రమే నేను పాత రిజిస్టరు తీశాను. నరసరావుపేటలో పోయిన బిడ్డ పేజీ. బిడ్డ బరువు, బొడ్డు ఊడిన రోజు, అన్నీ ఉన్నాయి. తల్లి పేరు ఎదురుగా, నా గుండ్రటి అక్షరాల్లోనే, పుల్లమ్మ అని ఉంది.

ఆమెకి మళ్ళీ మగబిడ్డ పుడితే? ఎవరో గోరు పెడితే? వెంటనే వెళ్ళి చెప్పవలసింది. పది నెలలు వెళ్ళలేదు. ఆ మొహం మళ్ళీ చూడాలంటే భయం. పెంటమ్మ కొడుకు మోకాళ్ళు చూశాక ఇక ఆగలేక బస్సెక్కాను.

పుల్లమ్మ వాకిట్లో ఉంది. ఏడో నెల కడుపు. పక్కన మూడేళ్ళ కూతురు. అత్త పొలం పోయిందట. నన్ను గుర్తుపట్టి లేచి నిలబడింది, కూర్చోమనలేదు. నిలబడే అంతా చెప్పాను. పుట్టేది మగబిడ్డయితే నోట్లో గోరుగానీ కత్తెరగానీ పెట్టనివ్వొద్దని, చెవులు కుట్టించొద్దని, ఏం కావలసినా నాకు కబురు పెట్టమని.

ఆమె శ్రద్ధగా విన్నది. "మా పెద్దన్న చెవులు కుట్టినప్పుడు పొయ్యాడంట. ఇంకో అన్న పన్ను ఊడి. మా అమ్మ ఏడ్చినప్పుడల్లా చెప్పేది. అందుకే నాకీ పేరు."

"ఆ రోజు మీ అత్తని అన్నీ అడిగానమ్మా..." అన్నాను. అది అబద్ధం. ఆ ఒక్కటి అడగలేదు.

"మా అత్తకేం తెలుసు? అది మా పుట్టింటి సంగతి."

"పురిటిలో నిన్ను అడిగితే మాత్రం చెప్పేదానివా? ఎవరూ చెప్పరు గదా." చెప్పేదాన్ని కాదు అంటుందని ఆశపడ్డాను. ఆ మాట అంటే కాస్త ఊపిరి తీసుకుందామని.

"నా బిడ్డ నాలిక కింద కత్తెర పెడతంటే చెప్పకుండా ఎట్టా ఉంటా? చెప్పేదాన్ని. నన్నెవురు అడిగారు నర్సమ్మా?"

 ఆమె కూతురు నా తెల్ల చీర అంచు పట్టుకోబోయింది. పుల్లమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టి వెనక్కి లాక్కుంది.

కాన్పుకి నన్ను పిలవలేదు. మళ్ళీ ఆడపిల్లే పుట్టిందని రెండు నెలల తర్వాత ఆ ఊరివాళ్ళెవరో చెబితే విన్నాను. ఆ రోజు కేంద్రం తలుపు గడియ వేసుకుని చాలాసేపు ఏడ్చాను. ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ, కత్తెర ఉడికేలోపు వెంట వచ్చినవాళ్ళందర్నీ బయటికి పంపి, తల్లి పక్కన నేల మీద కూర్చుని, పుట్టింట్లో ఎవరు ఎట్లా పోయారో, తనకి ఆ పేరెందుకు పెట్టారో ఆమెనే అడిగాను.